చేప తలమీద బుడిపె
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని స్పష్టం చేసింది. నాకు ముందు మాట్లాడిన మిత్రులు ఆ తీర్పు గురించి, కరువు భత్యం గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి చక్కగా వివరించారు. నేను చేపల గురించి మాట్లాడతానని కార్యదర్శిగారు ప్రకటించగానే వెనక వరుసల్లో నవ్వులు వినిపించాయి. డిగ్రీ కాలేజీలో 34 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. వెనక బెంచీల నవ్వులు నాకు కొత్త కాదు.

చేపల గురించి పెన్షనర్ల సభలో ఎందుకు అని మీరు అడగవచ్చు. మన సంఘ సభ్యుల్లో ఒకరి ఇంట్లో 2022 చివర్లో జరిగిన సంగతి దీనికి కారణం. వారి పేరు చెప్పను. వారు, వారి శ్రీమతి ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. చెప్పమని నన్ను ప్రోత్సహించింది కూడా వారే.

ఆ మిత్రుడు ఉద్యోగ జీవితమంతా లెక్కల్లో గడిపినవారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే వారి అబ్బాయి ఇంటికి ఒక చేపల తొట్టి, అందులో ఒకే ఒక చేప తెచ్చి పెట్టాడు. దాని పేరు ఫ్లవర్‌హార్న్. ఎరుపు రంగు, పక్కన నల్లటి మచ్చలు, నుదుటి మీద నిమ్మకాయంత బుడిపె. ఆ బుడిపె ఎంత పెరిగితే ఇంటికి అంత కలిసివస్తుందని అమ్మినవాడు చెప్పాడట. చైనా వాస్తు నమ్మేవాళ్లు చెప్పే మాటే అది. మన మిత్రుడు మొదట్లో నవ్వి ఊరుకున్నారు. కాని లెక్కల మనిషి కదా, సరదాకి ఒక నోటుపుస్తకం తీసి తేదీ వేసి, అద్దం మీద స్కేలు పెట్టి బుడిపె ఎత్తు రాయడం మొదలుపెట్టారు. రాసేకొద్దీ సరదా కాస్తా నమ్మకం అయింది.

ఆ ఏడాది నవంబరులో వారి శ్రీమతికి కడుపులో నొప్పి వచ్చింది. పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆలస్యం చేయకుండా తీయించాలని డాక్టర్లు చెప్పారు. డిసెంబరు 12న ఆపరేషన్ అని నిర్ణయమైంది. 10వ తేదీ సాయంత్రం మా మిత్రుడు నాకు ఫోన్ చేసి, “సార్, ఆపరేషన్ వాయిదా వేశాం” అన్నారు. డబ్బు ఇబ్బందా అంటే కాదన్నారు. డాక్టరు ఊళ్లో లేరా అంటే ఉన్నారన్నారు. చివరికి గొంతు తగ్గించి, “చేప తలమీద బుడిపె తగ్గిపోతోంది సార్. సగానికి సగం అయింది. ఇప్పుడు కత్తి పెట్టించడం మంచిది కాదేమోనని భయంగా ఉంది” అన్నారు.

నిజం చెప్పాలి. నేను కోప్పడ్డాను. ఇంత చదువుకుని, ఇన్నేళ్లు ఉద్యోగం చేసి, చేపను చూసి ఆపరేషన్ ఆపుతారా అని కటువుగా మాట్లాడాను. ఆయన ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయపడ్డ మనిషిని గద్దిస్తే భయం పోదు, మన ముందు చెప్పడం మానేస్తాడు, అంతే. క్లాసులో పిల్లలతో ఎన్నోసార్లు చేసిన పొరపాటే మళ్లీ చేశాను. ఆయన అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పనేలేదు. అసలు ఆ బుడిపె ఎందుకు వస్తుంది? ఎందుకు పోతుంది? మర్నాడు పొద్దున్నే పాత పుస్తకాలు దించాను. మనవరాలి సాయంతో కంప్యూటరులో కొత్త వ్యాసాలు చదివాను. అందులో నాకు అర్థమైనది మీకు మనవి చేస్తాను.

ఈ చేపలు సిక్లిడ్ అనే పెద్ద కుటుంబానికి చెందినవి. ఇప్పటికి 1,700కు పైగా జాతులను గుర్తించారు. ఎక్కువ భాగం ఆఫ్రికాలో, దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉన్నాయి. మన దేశానికి సొంతమైనవి మూడే. వాటిలో ఒకటి కేరళవారు ఇష్టంగా తినే కరిమీన్. మన చెరువుల్లో, బజారులో కనిపించే తిలాపియా కూడా సిక్లిడ్డే. అయితే అది మనది కాదు, ఆఫ్రికాది. మన దేశానికి 1952లో తెచ్చారు. కరిమీనుకూ, మన తిలాపియాకూ ఇలాంటి బుడిపె ఉండదు. ఈ కుటుంబంలో కొన్ని జాతులకు మాత్రమే ఆ అలంకారం.

బుడిపె అనగానే ఎముక అనుకుంటాం. అది ప్రధానంగా ఎముక కాదు. నుదుటి ఎముక పైన, చర్మం కింద పెరిగే మెత్తటి కణజాలం. మనకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. ఒంగోలు గిత్త మూపురం చూడండి. అదీ ఎముక కాదు, కండ, కొవ్వు. గిత్తకు నిండుగా ఉంటుంది, ఆవుకు చిన్నగా ఉంటుంది. చిన్నప్పుడే విత్తులు కొట్టిన ఎద్దుకు గిత్తకున్నంత మూపురం రాదు. అంటే దాని వెనక మగ హార్మోన్ల పాత్ర ఉంది. మేత లేక చిక్కితే మూపురమూ చిక్కుతుంది. ఈ పోలికను మనసులో పెట్టుకుంటే చేప సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

సిక్లిడ్లలో బుడిపె అన్నింటికీ ఒకే రకంగా రాదు. ముందు మనలాంటి పెద్దవాళ్లకు నచ్చే చేప గురించి చెబుతాను. ఆఫ్రికాలో టాంగన్యీకా అనే సరస్సు ఉంది. పొడవు 670 కిలోమీటర్లకు పైన, లోతు దాదాపు 1,470 మీటర్లు. అందులో లోతు నీళ్లలో ఫ్రంటోసా అనే చేప ఉంటుంది. తెల్లటి, నీలి ఒంటి మీద నల్లటి పట్టీలు. ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. ఈ చేపకు పిల్లగా ఉన్నప్పుడు బుడిపె ఉండదు. వయసుతో పాటు మెల్లగా పెరుగుతుంది. ఆడదానికీ వస్తుంది, మగదానికి ఇంకా పెద్దది. ఒకసారి వచ్చాక అలాగే ఉండిపోతుంది. మనకు నెరిసిన జుట్టు ఎలాగో దానికి బుడిపె అలాగ. సర్వీసు సీనియారిటీ నుదుటి మీదే కనిపిస్తుందన్నమాట.

రెండో రకం మధ్య అమెరికాలోని నికరాగువా దేశపు సరస్సుల్లో ఉండే మైడాస్ సిక్లిడ్. ముట్టుకున్నదల్లా బంగారమైపోయే మైడాస్ రాజు కథ మీకు తెలిసిందే. ఈ జాతిలో కొన్ని చేపలు పెద్దయ్యాక బూడిద రంగు పోయి బంగారు రంగుకు తిరుగుతాయి కనుక ఆ పేరు. ఆడా మగా జంట కట్టి, గూటికి చోటు కోసం పోట్లాడి, గుడ్లకూ పిల్లలకూ కలిసి కాపలా కాస్తాయి. పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరుక్కు తింటాయి. ఈ చేపకు బుడిపె ఏడాది పొడవునా ఉండదు. జత కట్టే కాలంలో ఉబ్బుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. ఈ బుడిపెకు, హార్మోన్లకు ఉన్న సంబంధం మీద 1975లోనే పరిశోధన వ్యాసం వచ్చింది. హార్మోన్ల ప్రభావంతో ఆ కణజాలంలో ద్రవం చేరి ఉబ్బుతుంది.

కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జార్జ్ బార్లో తన జీవితంలో అధిక భాగం ఈ చేపల మీదే గడిపారు. 2000లో సిక్లిడ్ల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. ఆయన గమనించిన ఒక విషయం మన కథకు ముఖ్యం. సరస్సులో ఉన్న మైడాస్ చేపలకు బుడిపె చిన్నది, కొద్ది కాలమే ఉంటుంది. అదే జాతిని అద్దాల తొట్టిలో పెట్టి కడుపునిండా మేపితే మగచేపలకు పెద్ద బుడిపె వచ్చి అలాగే నిలిచిపోతుంది. జాతి ఒకటే. మేత, తావు మారాయి, బుడిపె మారింది.

మూడో రకం దక్షిణ అమెరికా నదుల్లోని పీకాక్ బాస్. తోక మీద నెమలి కన్ను లాంటి మచ్చ ఉంటుంది. మగచేపకు గుడ్లు పెట్టే కాలానికి ముందు నుదుటి మీద బుడిపె లేస్తుంది. పిల్లలకు కాపలా కాసే రోజుల్లో ఈ చేప తిండి సరిగా తినదు కనుక, ఆ బుడిపెలో కొవ్వు నిల్వ చేసుకుంటుందని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన భాషలో చెప్పాలంటే ప్రావిడెంట్ ఫండ్.

మరి ఇదంతా ఎందుకు? చేపకు దీనివల్ల ఏం లాభం? శాస్త్రజ్ఞులు చెప్పేవి ముఖ్యంగా మూడు. ఒకటి, ఆడచేపకు నేను బలంగా ఉన్నాను, మేత దొరికే చోటు నాది అని చూపించడం. రెండు, ఆడా మగా దాదాపు ఒకేలా ఉండే జాతుల్లో ఎవరు ఎవరో గుర్తుపట్టడం. మూడు, పోటీకి వచ్చే మగచేపకు నా జోలికి రావద్దని దూరం నుంచే హెచ్చరించడం. ఏ జాతిలో ఏ కారణం ఎక్కువన్న దాని మీద ఇప్పటికీ చర్చ నడుస్తోంది. మలావీ సరస్సులో డాల్ఫిన్ సిక్లిడ్ అనే నీలి చేప ఉంది. దానికి ఆడా మగా రెండింటికీ బుడిపె ఉంటుంది. కనుక కేవలం మగతనం చూపించుకోవడానికే అని అన్ని జాతుల గురించీ చెప్పలేం. ఆ చేప బుడిపెలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో, బుడిపె లేని దాని దగ్గరి చుట్టంతో పోల్చి చూసిన పరిశోధన 2019లో వచ్చింది.

ఈ మూడు కారణాల్లోనూ మీరు ఒకటి గమనించాలి. బుడిపె ఒక సందేశమే. కాని అది చేప మరో చేపకు పంపే సందేశం. వయసు ఇంత, తిండి ఇంత, ఒంట్లో హార్మోన్లు ఇంత అని దాని స్థితిని అది చాటుకోవడం. ఇంటి యజమాని జాతకం అందులో లేదు.

ఇక మా మిత్రుడి ఇంట్లోని ఫ్లవర్‌హార్న్ సంగతి. ఇది ఏ నదిలోనూ, ఏ సరస్సులోనూ పుట్టిన జాతి కాదు. 1990 దశకంలో మలేషియాలో చేపల పెంపకందార్లు మధ్య అమెరికా సిక్లిడ్లను ఒకదానితో ఒకటి కలిపి సృష్టించిన సంకరం. ప్రతి తరంలోనూ బుడిపె పెద్దగా ఉన్నవాటినే ఏరి పెంచారు. పక్కనున్న మచ్చల్లో చైనా అక్షరాలు కనిపిస్తే ధర ఇంకా పెరిగేది. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ఆసియాలో వీటి వేలంవెర్రి నడిచింది. బుడిపె పెరగడానికి తొట్టి ముందు అద్దం పెట్టి, తన నీడనే శత్రువనుకుని చేప రెచ్చిపోయేలా చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హార్మోన్లు పెట్టి అమ్మే వ్యాపారులూ ఉన్నారు. అంటే అదృష్టాన్ని కూడా మేపి, రెచ్చగొట్టి, మందుపెట్టి పెంచవచ్చన్నమాట! అలా పెంచగలిగినది అదృష్టం ఎలా అవుతుందో మీరే ఆలోచించండి.

ఇదంతా చదువుకుని 11వ తేదీ సాయంత్రం వారింటికి వెళ్లాను. ఈసారి గద్దించలేదు. “నిన్న తొందరపడి మాట అన్నాను, మన్నించండి. మీ చేపను చూడాలని వచ్చాను” అన్నాను. ఆయన నన్ను తొట్టి దగ్గరికి తీసుకెళ్లారు. నీళ్లు పచ్చబారి ఉన్నాయి. అడుగున తినని మేత గుళికలు కుళ్లుతున్నాయి. ఫిల్టర్ నుంచి నీళ్లు సన్నగా పడుతున్నాయి. హీటరు తీగ ప్లగ్గులో లేదు. ఈ చేపకు నీళ్లు 28 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. డిసెంబరులో మన హన్మకొండ చలి మీకు తెలియనిది కాదు. నీళ్లలో చెయ్యి పెడితే జిల్లుమంది. చేప ఒక మూల నిలబడి ఉంది. బుడిపె నిజంగానే వాడిపోయింది.

నేను నోటుపుస్తకం అడిగాను. అందంగా గీతలు గీసి, తేదీలవారీగా రాశారు. అక్టోబరు అంతా బుడిపె ఎత్తు నిలకడగా ఉంది. నవంబరు మూడో వారం నుంచి తగ్గుతూ వచ్చింది. “చెల్లెమ్మగారికి నొప్పి వచ్చి మంచం పట్టింది ఎప్పుడు?” అని అడిగాను. “నవంబరు 6” అన్నారు.

లోపలి గదిలో మంచం మీద ఉన్న ఆవిడ మా మాటలు వింటున్నట్టున్నారు. అక్కడి నుంచే, “అన్నయ్యగారూ, దాని నీళ్లు మార్చేదాన్ని నేనే కదా! వారానికి రెండుసార్లు బకెట్లతో తోడి పోసేదాన్ని. నేను పడుకున్న దగ్గర్నుంచి దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఈయనకు కొలవడం తెలుసు గాని కడగడం తెలియదు. ఆ హీటరు కూడా కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఈయనే తీసేశారు” అన్నారు.

మా మిత్రుడు చాలాసేపు పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయారు. లెక్కలు రాసినవారు కనుక తేదీల వరస ఆయనకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు. బుడిపె తగ్గినందువల్ల ఆవిడకు జబ్బు ముదరడం లేదు. ఆవిడకు జబ్బు చేసినందువల్లే బుడిపె తగ్గింది. చేప అబద్ధం చెప్పలేదు. చూసుకునే మనిషి మంచాన పడిందన్న కబురు అది తన తలమీద రాసి చూపించింది. మనం దాన్ని తిరగేసి చదివాం. జరిగిపోయినదాని రసీదును జరగబోయేదానికి నోటీసు అనుకున్నాం.

“ఆపరేషన్ కొత్త తేదీ అడుగుదాం సార్” అని ఆయనే అన్నారు. డిసెంబరు 26న ఆపరేషన్ జరిగింది. రాళ్లతో ఉన్న పిత్తాశయాన్ని తీసేశారు. మధ్యలో ఒక రాత్రి ఆవిడకు నొప్పి, జ్వరం వచ్చి అందరం హడలిపోయాం. వాయిదా వేసిన ఆ పద్నాలుగు రోజుల మూల్యం అది. దేవుడి దయ, డాక్టర్ల నైపుణ్యం వల్ల అంతటితో పోయింది. ఆపరేషన్ రోజున చేప తల బల్లపరుపుగానే ఉంది. ఆవిడ మాత్రం కులాసాగా ఇంటికి వచ్చారు.

ఆవిడ కోలుకునే నెల రోజులూ నీళ్లు మార్చింది మా మిత్రుడే. హీటరు మళ్లీ పెట్టారు. ఎండాకాలం వచ్చేసరికి బుడిపె కొంత తిరిగి వచ్చింది, మునుపటంత కాదు. ఎంత వచ్చిందని అడిగితే, కొలవడం మానేశానన్నారు. ఆ పుస్తకంలో మిగిలిన పేజీల్లో ఇప్పుడు ఆవిడ మందుల వేళలు, డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన తేదీలు రాస్తున్నారు.

మిత్రులారా, నమ్మకాలున్నవారిని తక్కువ చేయాలని నేను ఈ మాటలు చెప్పడం లేదు. మన వయసులో భయాలు సహజం. పిల్లలు దూరంగా ఉంటారు, ఇంట్లో ఇద్దరమే మిగులుతాం, అందులో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవారికి ఏదో ఒక ఆధారం కావాలనిపిస్తుంది. మా మిత్రుడికి ఆ చేప ఆధారమైంది. తప్పు చేపది కాదు, ఆయనది మాత్రమే కూడా కాదు. ఆయన భయాన్ని నాలుగు వారాల ముందు అడిగి తెలుసుకోని మా అందరిదీ.

కనుక మూడు మనవులు. ఇంట్లో మనవలు, మనవరాళ్ల కోసం చేపలు పెంచేవారు ఉంటే, వాటికి ఇరుకు లేని తొట్టి ఇవ్వండి. వారానికోసారి పావు వంతు నీళ్లయినా మార్చండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోయేలా ఒక రోజు నిలవ ఉంచి పోయండి. తినగలిగినంతే మేత వేయండి. పెంచలేకపోతే ఎవరికైనా ఇవ్వండి గాని, చెరువులోనో కాలువలోనో వదలకండి. ఫ్లవర్‌హార్న్ పోట్లాట చేప. మలేషియా, సింగపూర్ జలాల్లో అలా వదిలినవి స్థానిక చేపలకు ముప్పుగా మారాయి.

రెండోది, డాక్టరు చెప్పిన తేదీని డాక్టరు తప్ప మరెవరూ మార్చకూడదు. సందేహం ఉంటే మరో డాక్టరును అడగండి. మన ఒంటి మీద ఎక్కడైనా కొత్తగా బుడిపె కనిపిస్తే మటుకు కొలుస్తూ కూర్చోకుండా వెంటనే చూపించండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. తోటి సభ్యుడు ఏదైనా వింత భయం చెప్పినప్పుడు నవ్వకండి, నాలాగా కోప్పడకండి. ఒకసారి వాళ్లింటికి వెళ్లి కూర్చోండి. ఏం జరిగిందో, ఏది ముందు, ఏది తర్వాత అని నిదానంగా అడగండి. జవాబు చాలాసార్లు ఆ ఇంట్లోనే, లోపలి గదిలో ఉంటుంది.

  వెనక వరుసల్లో నవ్విన మిత్రులకు ప్రత్యేక ధన్యవాదాలు. సెలవు.